నా ఒంటిమీది పచ్చ కాగితం

నేను ఒక నీలగిరి తైలం సీసాను. నా కడుపులో ఉన్నది జామాయిల్ ఆకును ఆవిరి పట్టి తీసిన నూనె. పుట్టినప్పుడు నా ఒంటిమీద ఎర్ర అక్షరాలుండేవి: "పైపూతకే. తాగరాదు. పసిపిల్లలకు వాడరాదు." మోపెడ్‌కి మైకు కట్టుకుని ఊరూరా తిరిగే అంకయ్య వాటిమీద పచ్చ కాగితం అంటించాడు. దానిమీద ఓ ఆకు బొమ్మ, కింద ఓ అబద్ధం: "ప్రకృతి మందు. చంటిబిడ్డలకూ హాని లేదు."

పొగాకు గ్రేడింగుకు కూలికెళ్లే ఆదెమ్మ నన్ను కొన్నది. ఏడాదిపాటు మర్యాదగానే బతికాను. కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు కలిపి మోకాళ్లకు రాసుకునేది. పడిశం పడితే గుడ్డమీద చుక్క వేసి వాసన పీల్చేది. నా చేతనైంది అంతే.

ముసురు పట్టిన రోజుల్లో పద్నాలుగు నెలల మనవరాలికి దగ్గు పట్టుకుంది. కోడలు నాగరత్నం బిడ్డను చంకనేసుకుంది.

"ఆస్పత్రికి పోయొస్తానత్తా."

"ఈ వానలోనా? బిడ్డని తడిపి చంపుతావేందే?" అంటూ ఆదెమ్మ నన్నూ, ఉగ్గుగిన్నెనూ తీసింది.

"తాగొచ్చా ఇది?"

"నీ మొగుణ్ణి ఆముదం పోసి పెంచలా? ఇదీ నూనేగా! నువ్వు పది సదివావుగా, సూడు ఏం రాశాడో."

నాగరత్నం నన్ను తిప్పి పైకే చదివింది. చదివాక బిడ్డను దించింది.

గన్నేరుదీ ఆకే కాదా? ఉమ్మెత్తదీ ఆకే కాదా? ఆకులోంచి వస్తే విషం కాకుండా పోతుందని ఏ బుద్ధిమంతుడు చెప్పాడు మీకు?

ఆదెమ్మ సగం గిన్నె పోసింది. ప్రేమతోనే పోసింది. బిడ్డకు పొలమారింది, కాసేపటికి మగతలోకి జారింది.

"సూశావా, దగ్గు కట్టేసింది," అని ఆదెమ్మ మురిసింది.

అంతలో ఫిట్స్ వచ్చి చేతులు కొట్టుకున్నాయి. ఆటోలో నన్నూ కొంగున కట్టుకెళ్లారు. "ఎంత పోశారు?" అంది డాక్టరమ్మ. ఆదెమ్మ అరచెయ్యి గిన్నెలా ముడిచి సగం దాకా చూపించింది. డాక్టరమ్మ బిడ్డను లోపలికి ఎత్తుకెళ్లింది. సాయంత్రానికి బిడ్డ పోయింది.

ఇప్పుడు పోలీసుస్టేషన్ బీరువాలో ఉన్నాను, మెడకు నంబరు చీటీతో. చెమ్మకు పచ్చ కాగితం ఊడి పడిపోయింది. ఎర్ర అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. ఈ బీరువాలో చదివేదెవరు?

బయట రోడ్డుమీద మైకు వినబడుతోంది. అంకయ్య గొంతు కాదు, మరెవరిదో.

"రండమ్మా, ఆకు మందు! చంటిబిడ్డలకూ హాని లేదు!"