ఫొటో హెల్మెట్లు

లాజరు కన్ను పోయింది. డాక్టరు ఆ మాట చెప్పకముందే షెడ్డులో అందరికీ తెలుసు.

వెల్డింగ్ చేసిన అతుకు మీద నల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని చిన్న సుత్తితో కొట్టి ఊడగొట్టాలి. వేడి మీదున్న పెచ్చు ఎటు ఎగురుతుందో దానికే తెలీదు. అందుకని కళ్ళజోడు పెట్టుకుని కొట్టాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాత ఉంది గానీ కళ్ళజోడు లేదు.

ధవళేశ్వరం దాటాక కాలవ గట్టు పక్కనే ఆ ఉచిత శిక్షణ కేంద్రం. ఉచితం ఎవరికో తర్వాత తెలిసింది. ఎండాకాలం కాలవలు కట్టేశాక, మళ్ళీ నీళ్ళు వదిలేలోపు నీళ్ళని ఆపే తుప్పు పట్టిన ఇనప షట్టర్లన్నీ మార్చాలి. ఆ కాంట్రాక్టూ నాగేశ్వరప్రసాద్‌గారిదే, ఈ శిక్షణా నాగేశ్వరప్రసాద్‌గారిదే. ఇంక కూలోళ్ళతో పనేముంది? నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే పొద్దుగూకేదాకా షట్టర్లు చేస్తారు. నేర్పినందుకూ చేసినందుకూ సర్కారు డబ్బు ఆయనకే ఇస్తుంది.

పెచ్చు తగిలిన కన్ను పట్టుకుని ఆ రోజు లాజరు నేల మీద దొర్లుతుంటే నాగేశ్వరప్రసాద్‌గారు వచ్చి చూశారు.

"బంగాళాదుంప ముక్క పెట్టి కట్టండయ్యా, తగ్గిపోద్ది," అన్నారు. తర్వాత సగమైన షట్టరు వైపు చూశారు. "ఇదేంటి, ఇంకా ఇక్కడే ఉంది?"

అప్పుడు సూర్యకళ తన తువ్వాలు చించి లాజరు తలకి కడుతోంది. ఆ మాట విన్నాక ముడి వేసి, లాజరుని తనే లేపి కూర్చోబెట్టింది.

మొన్నమొన్నటిదాకా ఆమె ఊడ్పుల ముఠాలో నాట్లు వేసిన మనిషి. నాట్ల మిషన్లొచ్చాయి, ముఠా చెదిరిపోయింది. ఈ వెల్డింగ్ పూర్తిచేస్తే కాకినాడలో పడవలు కట్టే యార్డులో పని ఇస్తామన్నారు. బురదలో వంగి వంగి నడుము పడిపోయింది, ఇకనైనా నిలబడి చేసే పని దొరుకుతుందని ఆమె ఆశ. అంతకంటే పెద్ద కోరికలు కోరే ఓపిక ఆమెకి లేదు. కానీ సర్టిఫికెట్ మీద నాగేశ్వరప్రసాద్‌గారి సంతకం పడితేనే యార్డు గేటు తెరుచుకుంటుంది.

మర్నాడు అన్నాల దగ్గర గొడవ మొదలైంది. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయంటారు. ఆ రేకుల కింద మనుషులు పగలకుండా ఉండటమే ఆశ్చర్యం.

"మొహానికి అడ్డం పెట్టుకునే షీల్డు బల్లకి ఒక్కటే. నిన్న అది నీ దగ్గరే ఉంది కదా మెర్సీ? లాజరుకిస్తే ఏం పోయింది?" అన్నాడు వాళ్ళతోపాటే నేర్చుకుంటున్న వీరాస్వామి.

"నేను వెల్డింగ్ రాడ్డు కొడుతున్నాను. గుడ్డిదాన్నైపోమంటావా?" మెర్సీ క్యారేజీ మూత విసిరికొట్టింది. "ఇచ్చుంటే ఈ రోజు నా కన్ను గురించి కొట్టుకునేవాళ్ళు!"

నేర్పే వెంకటరత్నం మాస్టారు ఎర్రగా నీరు కారుతున్న కళ్ళు తుడుచుకున్నారు. "ఈ పనిలో కళ్ళు పోవడం మామూలేనమ్మా. ఓర్చుకోండి. కాగితం చేతికొస్తే ఎవరి దారి వాళ్ళది. చెరువు మీద అలిగితే చెరువుకేంటి నష్టం?"

"కళ్ళు పోయాక ఆ కాగితం ఎవరు చదివిపెడతారు మాస్టారూ?" అంది సూర్యకళ.

ఆమె నవ్వించడానికి అనలేదు. తనకి తాను చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మా ముఠాలో ఒక పద్ధతుండేదండీ. రైతు ఎవరి మీదన్నా నోరు జారినా, ఎవరికన్నా పురుగు కుట్టినా, ముఠా మొత్తం గట్టు మీదికొచ్చేసేది. చేతిలో నారుకట్ట చేతిలోనే. ఆయనొచ్చి మాట్లాడేదాకా ఎవరూ బురదలో కాలు పెట్టేవాళ్ళు కాదు. పీకిన నారు వాడిపోద్దని ఆయనకే దిగులు, మాకేంటి?"

"అది చేనక్కా. ఇక్కడ వాడిపోయేదేముంది, ఇనుమేగా?" అన్నాడు వీరాస్వామి.

మెర్సీ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. "షట్టర్లురా! నీళ్ళొదిలే రోజు దగ్గరికొచ్చేసింది. అవి బిగించకపోతే ఆయన కాంట్రాక్టేమవుద్ది?"

"మనల్ని తీసేస్తే?" అన్నాడు వీరాస్వామి.

"తీసేస్తారు," అంది సూర్యకళ. అబద్ధం చెప్పడానికి ఆమెకి మనసు రాలేదు. అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. షీల్డు కోసం మాత్రం ఆ సాయంత్రం ఎవరూ కొట్టుకోలేదు. షీల్డు లేనివాళ్ళు ఊరికే కూర్చున్నారు.

ఆ వారంలోనే జిల్లా అధికారి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఆ రోజు పొద్దున్నే వ్యాను నిండా పెట్టెలు దిగాయి. మొహమంతా కప్పే కొత్త వెల్డింగ్ హెల్మెట్లు, మనిషికొకటి, అద్దాల్లా మెరుస్తున్నాయి. నేర్చుకునేవాళ్ళకి అవి కొత్తకాదు. కిందటి తనిఖీకీ ఇలాగే దిగాయి, ఫొటో అవ్వగానే పెట్టెల్లోకెళ్ళిపోయాయి.

"గీతలు పడకూడదు," అన్నారు నాగేశ్వరప్రసాద్‌గారు. "రేపు జంగారెడ్డిగూడెం సెంటర్లో ఫొటోకెళ్ళాలవి."

అధికారి వచ్చారు. అందరూ షట్టరు చుట్టూ నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు స్టూలెక్కాడు.

"అందరూ ఒకేసారి నిప్పులు రప్పించాలమ్మా. కానివ్వండి!"

హెల్మెట్లు మొహాల మీదికి దిగాయి. నిప్పులు మాత్రం రాలేదు.

నల్లద్దం వెనకాల సూర్యకళకి తన ఊపిరి తనకే వినిపించింది. కాకినాడ యార్డు గుర్తొచ్చింది. భయమేసింది, చాలా భయమేసింది. అయినా చేతిలో రాడ్డు కింద పెట్టింది. షెడ్డు దాటి, మెట్లెక్కి, కాలవ గట్టు మీదికొచ్చి నిలబడింది. వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మెర్సీ వచ్చింది, వీరాస్వామి వచ్చాడు, తర్వాత మిగిలినవాళ్ళందరూ. కంటికి కట్టుతో లాజరు అప్పటికే గట్టు మీద కూర్చునున్నాడు. అతన్ని లోపలికి రానివ్వలేదు, కట్టు ఫొటోలో పడుతుందని.

"అవి నా హెల్మెట్లు!" నాగేశ్వరప్రసాద్‌గారు కింద నుంచి కేకేశారు. "దొంగతనం కేసు పెడతాను!"

"ఫొటోకిచ్చినవి పనికీ ఇవ్వండి," అంది ఒక హెల్మెట్.

"లాజరు కంటికి జవాబు చెప్పండి," అంది ఇంకొకటి.

అధికారి వాచీ చూసుకుని కారెక్కారు. కారెళ్ళిన దారినే పోలీసు జీపు వచ్చింది.

"ఎవర్రా మీ లీడరు? మొహాలు చూపించండి!" అన్నాడు ఎస్సై. ఒక్క హెల్మెట్టూ పైకి లేవలేదు. ఎస్సైకి కనబడుతున్న మొహం ఒక్కటే. ఉన్న ఒక్క కంటితో బిత్తరపోయి చూస్తున్న లాజరుని మెడ పట్టుకుని లేపాడు. "పోనీ, వీణ్ణి ఎక్కించండి."

సూర్యకళ హెల్మెట్ తీసింది. లాజరు తలకి పెట్టి, కట్టు ఒత్తుకోకుండా మెల్లగా సరిచేసింది.

"వాడు చూసిన నరకం చాలండి. పదండి, నేనొస్తాను," అంది.

మెర్సీ ఏదో అరవబోయింది. సూర్యకళ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నువ్వు ఇక్కడే ఉండాలి. ఎవర్నీ కిందికి దిగనివ్వకు."

జీపు కదిలింది. ఇనప రేకు మీద తల ఆనించి సూర్యకళ వెనక్కి చూసింది. ఎండలో గట్టు పొడుగునా హెల్మెట్లు నిలబడి ఉన్నాయి. షెడ్డులోంచి వెంకటరత్నం మాస్టారు ఒక్కరే బయటికొచ్చారు. గుమ్మం పక్కనున్న కరెంటు మెయిను కిందికి లాగి కట్టేశారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కి, వాళ్ళ చివర్న నిలబడ్డారు.

పక్కనున్న ఆడ కానిస్టేబులు కూడా అటే చూస్తోంది. "ఈ ఎండలో ఎంతసేపుంటారమ్మా వాళ్ళు?" అంది.

సూర్యకళ కళ్ళు మూసుకుంది.

"ఆయనొచ్చి మాట్లాడేదాకా అండీ."