ఒక అంచే అరిగిన బేరింగ్

మండ్య దగ్గరి చక్కెర మిల్లు నుంచి ఆ బేరింగ్ మళ్ళీ మహదేవపుర కార్ఖానాకి తిరిగొచ్చింది. లోపల, షాఫ్టు తిరిగే చోట పోసిన వైట్ మెటల్ ఒక అంచున బొత్తిగా అరిగిపోయింది. రెండో అంచు కొత్తదానిలా ఉంది.

"షాఫ్టే వంకరగా ఉండుంటుంది. వాళ్ళనే చూసుకోమందాం," అంది యజమానురాలు వరూధిని. మిల్లువాళ్ళేమో షాఫ్టు తిన్నగానే ఉందని ఒట్టేసి చెబుతున్నారు.

ఆ వాదన వినీ వినీ లోహాల ఇంజనీరు కిరణ్మయికి విసుగెత్తింది. బేరింగును కోయించి, రెండు అంచుల నుంచీ ఒక్కో ముక్క తీసి, అద్దంలా మెరిసేదాకా రుద్ది, కాస్త ఆసిడ్ అద్ది మైక్రోస్కోపు కింద పెట్టింది.

వైట్ మెటల్లో మెత్తటి తగరం నిండా గట్టి గింజలు చెదిరి ఉండాలి. షాఫ్టు బరువు మోసేవి అవే. వాటి నడుమ తగరం కొంచెం అరిగితే ఆ పల్లాల్లో నూనె నిలుస్తుంది. అరగని అంచులో గింజలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. అరిగిన ముక్క పెట్టింది. ఖాళీ! వెతికితే గానీ ఒక గింజ కనపడలేదు.

పోత పోసే ఓంకార్ దగ్గరికి పరిగెత్తింది.

"ఓంకారన్నా, పోసేటప్పుడు పైన ఉండేది ఏ అంచు?"

"నంబరు కొట్టిండాము చూడు, అదే. ఏమైందమ్మా?"

నంబరున్నది అరగని అంచుకే!

"తేలిపోయాయన్నా! గింజలు తగరం కన్నా తేలిక. నిదానంగా చల్లారేసరికి అన్నీ పైకి చేరాయి. తప్పు షాఫ్టుది కాదు, మనదే!"

ఆ కేకలకి వరూధిని బయటికొచ్చింది. "తప్పు మనదైతే అంత సంబరమేంటమ్మాయ్?"

"మనదైతే మనమే దిద్దుకోవచ్చు కదా మేడమ్!"

తేలే వ్యవధి ఇవ్వకూడదు, అంతే. వైట్ మెటల్ పోసిన బేరింగ్ గుల్ల చుట్టూ పైపు బిగించి, అడుగు నుంచి పైకి నీళ్ళు కొడుతూ చల్లార్చారు. ఆవిరి బుస్సున లేచింది. మొదటి పోత మరీ గబుక్కున చల్లబడి గుల్ల నుంచి ఊడొచ్చింది. "పోనీలేప్పా, గుల్లని ముందు మంట మీద బాగా కాంచుదాం," అన్నాడు ఓంకార్. ఈసారి పోత గుల్లకి గట్టిగా అంటుకుంది. అందులోంచి తీసిన ముక్కల్లో ఏ అంచు చూసినా సన్నటి గింజలు, చల్లినట్టు సమంగా! "జరగండి, నన్నూ చూడనివ్వండి," అంటూ వరూధిని వాళ్ళిద్దరినీ తోసేసింది.

అదే తీరున పోసిన కొత్త బేరింగును మిల్లులో బిగించారు. చెరకు ఆడే కాలమంతా అది ఆగకుండా తిరిగింది. సీజను ముగిశాక విప్పుతున్నారని తెలిసి కిరణ్మయి తనే మండ్య వెళ్ళింది. నూనె తుడిచి, లోపల ఈ చివర నుంచి ఆ చివరకి వేళ్ళు జరిపింది. ఎక్కడా అరిగిన మెట్టు తగల్లేదు.

"చెన్నాగిదె మేడమ్," అని కన్నడంలో మెచ్చుకున్నాడు మిల్లు ఫోర్‌మన్ దేవరాజ్.

ఆమె అప్పటికే ఓంకార్‌కి వీడియో కాల్ కలిపి, జిడ్డు చేత్తోనే ఫోనును బేరింగ్ లోపలికి దూర్చేసింది.