పలకని పిల్ల

మా పుట్టిల్లు కాకినాడ రేవు దగ్గర. అక్కడ ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. సముద్రం హోరులో అవతలి పడవకు మాట చేరాలంటే గొంతు చించుకోవలసిందే మరి. అలాంటి చోట పుట్టిన నన్ను తెచ్చి పట్టిసీమకు ఎదురుగా, గోదారి గట్టు మీద, గుసగుసల ఇంట్లో పడేశారు. పెళ్లయిన కొత్తలో నేను పొయ్యి దగ్గర నుంచి "ఉప్పెక్కడ పెట్టారు?" అని అడిగితే మా ఆయన భీమరాజు ఉలిక్కిపడేవాడు. మా మామ బుల్లియ్య అయితే చుట్ట కింద పెట్టి, ఏటి వైపు చూసి, ఎవరూ రావడం లేదని నమ్మకం కుదిరాక మళ్లీ చుట్ట అందుకునేవాడు.

ఎందుకో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ ఇంట్లో అన్నం వండని పూట ఉంటుంది గాని ఆ కథ చెప్పని పూట ఉండదు.

రంప పితూరీ జరిగిన ఏటి సంగతి అది. కొండల్లో జనం తిరగబడ్డారని సర్కారువాళ్లు రాజమండ్రి నుంచి సిపాయిల్ని పైకి తరలిస్తూ రేవుల్లో కనబడ్డ పడవలన్నీ పట్టుకున్నారు. పడవతో పాటు దాన్ని నడిపే మనిషిని కూడా. మా మామా, ఆయన తమ్ముడు పల్లంరాజూ అలా వెట్టికి దొరికారు. తెల్లవారుతుండగా పడవ పట్టిసీమ చేరింది. ఏటి మధ్య వీరభద్రుడి గుట్ట కనబడగానే పడవ ముందు నిలబడ్డవాడు గుండెల నిండా గాలి పీల్చుకుని స్వామిని పేరెట్టి కేకేయడం మావాళ్ల ఆచారం. ఆ కేక వేయకుండా గుట్ట దాటితే పైన సుడిగుండాల్లో దిక్కుండదని నమ్మకం. పల్లంరాజు కేకేశాడు.

ఎవరూ చప్పుడు చేయకూడదని పడవలో ఉన్న దొర అంతకుముందే ఉత్తరువిచ్చాడట. ఇంగ్లీషులో ఇచ్చాడు. సిపాయిలకు వాళ్ల భాషలో చెప్పించాడు. పడవ నడిపేవాళ్లకు తెలుగులో చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. గుట్ట మీద దాక్కున్న పితూరీవాళ్లకు కబురందించాడని పల్లంరాజును అక్కడికక్కడే కట్టేశారు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నానని అతను మొత్తుకున్నాడు. నల్లవాడు ఏడ్చి చెప్పినా నవ్వి చెప్పినా అబద్ధమేనని ముందే నిశ్చయించుకున్నవాళ్లకు ఏ భాషలో చెప్పి ఏం లాభం?

మా మామ నీళ్లలోకి దూకి, లంక మీది రెల్లులో దూరాడు. సిపాయిలు కర్రలతో రెల్లు బాదుతూ వెతికారు. దొరక్కపోయేసరికి పల్లంరాజును ఒడ్డుకు తెచ్చి, తలకు తుపాకీ ఆనించి అతని చేతే పిలిపించారు. "అన్నా, రా. ఏమీ చెయ్యరంట. రా అన్నా." మా మామ పలకలేదు. ఆ సాయంత్రమే పల్లంరాజును గట్టు మీద ఉరి తీశారు.

"నేను పలకలేదు," అని ముగించేవాడు మా మామ. "పలకలేదు గాబట్టి బతికాను. నేను బతికాను గాబట్టి మీరంతా ఉన్నారు. దొర ఉన్న చోట నోరెత్తకూడదు. మనోళ్లే పిలిచినా పలక్కూడదు. ఎనక ఎవడుండి పిలిపిస్తన్నాడో మనకేం తెలుసు?"

మా ఆయన ఈ కథ తాగి పెరిగాడు. ఇప్పుడు మా పెద్దదానికి పోస్తున్నారు. దాని పేరే చిన్నమ్మాయి. దానికి అప్పటికి ఏడో ఏడు. తాత ఒళ్లో కూర్చుని, నోట్లో వేలు పెట్టుకుని వినేది. నాకు ఒళ్లు మండేది.

"దాన్నెందుకు బెదరగొడతావు మామా? అయిపోయిన పితూరీ అది."

"దొరలు అయిపోయారా లోవా?" అనేవాడాయన.  నేను లేచి వెళ్లి గిన్నెలు గట్టిగా కడిగేదాన్ని.

పిల్ల మారిపోవడం నా కళ్లతో చూశాను. ఏట్లో ఆవిరి పడవ కూత వినబడితే మంచం కింద చేరేది. ఎర్ర పటకా కట్టిన బంట్రోతు కనబడితే చాలు, లంగా తడుపుకునేది. అన్నిటికంటే నన్ను కోసేసిన సంగతి ఇంకొకటి ఉంది. నేను "చిన్నమ్మాయీ" అని పిలిస్తే వెంటనే పలికేది కాదు. ముందు నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూసేది. కన్నతల్లి పిలిస్తే పిల్ల తల్లి వెనక్కి చూస్తుందా? నా బిడ్డ నోరు నాకు కావాలి, ఆ కథకు వదిలిపెట్టేది లేదని ఒట్టేసుకున్నాను. ఇంటికి కప్పు వేయడానికి రెల్లు కోసుకురావాలని లంకకు బయలుదేరిన రోజు, తాత దగ్గర ఉంచితే మళ్లీ మొదలెడతాడని దాన్ని కూడా పడవెక్కించుకున్నది అందుకే. చంటిది మరిడమ్మను మాత్రం ఆయనకు అప్పజెప్పాను.

ఆషాఢం. పైన వానలు పడుతున్నాయి, ఎర్రనీరు దిగుతోందని కబురు. ఒక్క పూటలో కోసుకుని వచ్చేద్దామని మా ఆలోచన. లంక మీద రెల్లు మనిషెత్తుకు మించి ఉంది. నేనూ భీమరాజూ ఒక కొసన కోస్తున్నాం. పిల్ల మా వెనకే కూర్చుని గవ్వలు ఏరుకుంటోంది. అంతలో కూత వినబడింది. గోదారి నీళ్లు కొలిచే దొర ఆవిరి పడవ లంకకు ఆనుకుంది. కొలబద్ద పాతడానికట. దొర దిగాడు, వెనక బంట్రోతులు దిగారు. నేను వెనక్కి తిరిగి చూస్తే గవ్వలున్నాయి, పిల్ల లేదు.

"చిన్నమ్మాయీ!"

పలకలేదు. మంచం లేదు కదా, రెల్లులో దూరి ఉంటుంది, పడవ వెళ్లిపోతే అదే వస్తుంది అనుకున్నాను. కాని పడవ వెళ్లలేదు. నీళ్లు వచ్చాయి. పొద్దున్న పొడిగా ఉన్న ఇసుక మీదుగా ఎర్రగా, నురగతో పాకుతూ వచ్చి నా పాదాలు తడిపాయి. లంక నడుమ కన్నా రెల్లున్న చోటే పల్లం. నీళ్లు ముందు అక్కడికే చేరతాయి.  రెల్లులో పడి అరవడం మొదలెట్టాను. ఆకులు చేతులు కోస్తున్నాయి. నా గొంతు కాకినాడ గొంతు. అవతలి ఒడ్డుకు వినబడి ఉంటుంది. నా బిడ్డకు వినబడలేదా?

నా అరుపులకు దొర వచ్చాడు. సంగతేంటని బంట్రోతును అడిగి తెలుసుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆయన చెడ్డవాడిలా లేడు. టోపీ తీసి కింద పడేసి, బూట్లతోనే నీళ్లలో దిగాడు. "పిల్లా! రా! రా!" అని తనకు వచ్చిన రెండు ముక్కలూ అరిచాడు. బంట్రోతుల్ని వరసగా నిలబెట్టి వెతకమన్నాడు. వాళ్లు కర్రలు తీసుకుని రెల్లు బాదుతూ నడిచారు.

ఆ చప్పుడు వినగానే భీమరాజు మొహంలో నెత్తురు లేదు. చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వాళ్ల నాన్న నోట చిన్నప్పటినుంచీ విన్న చప్పుడు అది.

నేను ఇంకో పక్కకు పరిగెత్తాను. "తల్లీ, అమ్మనే, రా" అన్నాను. దూరంగా రెల్లు కొసలు కదిలాయి. గాలికి కాదు, ఒక్కచోటే కదిలాయి. నా వైపే వస్తున్నాయి. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటుండగా నాకు సాయం చేయడానికి ఒక బంట్రోతు కర్రతో నా వెనకకు వచ్చి నిలబడ్డాడు. కదలిక ఆగింది. తరవాత వెనక్కి, ఇంకా లోపలికి, నీళ్లు లోతున్న వైపుకి పోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. పిల్లకు అన్నీ వినబడుతున్నాయి. దొర దగ్గరుండి వెతికిస్తున్నాడు. రెల్లు బాదుతున్నారు. అమ్మ చేత పిలిపిస్తున్నారు. తాత ఏం చెప్పాడో అచ్చం అదే జరుగుతోంది. నేను ఎంత పిలిస్తే అంత లోపలికి పోతుంది. మునిగిపోయినా పలకదు.

పరిగెత్తుకుంటూ వెళ్లి భీమరాజును పట్టుకుని కుదిపాను. "ఆయన్ని ఎల్లిపొమ్మని చెప్పయ్యా! ఆళ్లు ఎల్తేగాని అది రాదు!"

"దొరని పొమ్మనడమా?" పెదాలు ఆడాయి గాని మాట నాకే సరిగ్గా వినబడలేదు. "సంపేత్తారే లోవా."

"నీళ్లు సంపుతున్నాయి కదయ్యా దాన్ని!"

కదలలేదు. కదలలేడని నాకు తెలుసు. సరే, నేను చెబుతాను, నాకేం భయం అనుకుని దొర వైపు తిరిగాను. తిరిగాక కాళ్లు ముందుకు పడలేదు. ఇన్నేళ్లూ ఆ కథను నవ్విపారేశాను, గిన్నెల చప్పుడు చేసి చెవులు మూసుకున్నాను. అది నాలో కూడా ఎప్పుడో చేరింది.  దొర మెడ ఎర్రగా కమిలి ఉంది. ఆయన నడుముకు తోలు పటకా ఉంది. నాకు గట్టు మీద వేలాడుతున్న పల్లంరాజు కనబడ్డాడు. అతన్ని నేనెన్నడూ చూడనే లేదు.

నీళ్లు నా మోకాళ్లకు వచ్చాయి. నా మోకాళ్లంటే పిల్లకు నడుము.

అరిచాను. "దొరగారూ, ఎల్లిపోండి! మీ మనుషుల్ని తీసుకుని ఎల్లిపోండి! మీరుంటే నా బిడ్డ రాదు!"

లంక మీద కర్రల చప్పుడు ఆగింది. పెద్ద బంట్రోతు నా మీదికొచ్చాడు. "ఒళ్లు కొవ్విందా? దొరగారు బురదలో దిగి నీ పిల్లను ఎతుకుతుంటే పొమ్మంటావా?"

"పొమ్మంటన్నాను. కాళ్లు పట్టుకుంటాను, పొండి బాబూ!"

దొర ఏమందని అడిగాడు. బంట్రోతు ఏం చెప్పాడో నాకు తెలియదు. ఇంగ్లీషులో నా మాట ఏమైందో ఇప్పటికీ తెలియదు. దొర మొహం ముడుచుకుపోయింది. నన్ను పైనుంచి కిందికి చూశాడు. బంట్రోతుతో ఏదో అన్నాడు.

"నీ పేరేంటి?" అన్నాడు బంట్రోతు. "ఏ ఊరు? మొగుడి పేరేంటి?"

చెప్పాను. దొర టోపీ ఏరుకుని నీళ్లు విదిలించి పడవెక్కాడు. కూత వేసి పడవ కదిలింది. నేను రెల్లు ముందు, మొలలోతు నీళ్లలో నోరు మూసుకుని నిలబడ్డాను. పిలవలేదు. పిలిస్తే రాదు. పడవ మలుపు తిరిగి, దాని పొగ కూడా కనబడకుండా పోయేదాకా ఊపిరి బిగబట్టి ఉన్నాను. పక్కన భీమరాజు ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా. ఆ ఇంట్లో ఏడుపు కూడా అలాగే నేర్పారు.

రెల్లు చీలింది. నీళ్లు గెడ్డానికి తగులుతుండగా, ఒక చేత్తో రెల్లు దుబ్బు పట్టుకుని నా కూతురు బయటికొచ్చింది. నోటికి అడ్డంగా తన ముంజేతిని కరిచిపెట్టుకుని ఉంది. అరుపు రాకుండానట. పళ్లు దిగిన చోట నెత్తురు కారుతోంది. ఎత్తుకున్నాను. ముందు నా వెనక చూసింది. తరవాత నా మెడ తడిమి చూసింది.

"నిన్నొదిలేశారా అమ్మా?" అంది.

ఇంటికి వచ్చేసరికి మా మామ చంటిదాన్ని భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. నా అరుపులు ఇవతలికి వినబడ్డాయట. సంగతంతా విని అడిగింది ఒక్కటే.

"పలికిందా?"

"లేదు."

"అదీ!" ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "పలకలేదు గాబట్టే బతికింది నా తల్లి."

దారి పొడుగునా ఆయన్ని ఎన్ని మాటలనాలో కూడబెట్టుకుంటూ వచ్చాను. పలకకపోబట్టే మునిగిపోబోయింది ముసలోడా, అనాలని.  ఆయన పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి నిమురుతూ అటువైపు, ఏటి మీదికి చూస్తున్నాడు.  చూసుకుంటే నేను కూడా అటే చూస్తున్నాను. నా పేరు, ఊరు, మొగుడి పేరు పట్టుకుని వెళ్లిన పడవ అటే వెళ్లింది.

ఆ రోజు మొదలు నాకు నిద్ర తగ్గింది. కూత వినబడితే చేతిలో పని వదిలేసి గుమ్మం లోపలికి వెళ్లి నిలబడేదాన్ని. ఆ దొర మంచివాడే అనుకునేదాన్ని. పల్లంరాజును కట్టేసిన దొర మాత్రం పొద్దున్న లేచి పాపం చేద్దామనుకున్నాడా ఏంటి, ఆయనకు ఎవరేం చెప్పారో అనుకునేదాన్ని. నన్ను పట్టుకుపోవడానికి ఎవరూ రాలేదు. వరద తీసింది, రెల్లు మళ్లీ ఎదిగింది, ఎవరూ రాలేదు. నేను పొయ్యి దగ్గర నుంచి కేకలేయడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు. భీమరాజే ఒకనాడు అన్నాడు, "ఇప్పుడు నువ్వు మా ఇంటి మనిషివయ్యావు," అని. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను ఏడ్చాను.

ఒకటి మాత్రం సాధించాను. ఇకనుంచి ఆ కథ నా ఇంట్లో వినబడకూడదని మా మామ కాళ్ల మీద పడి అడిగాను. ఆయన సరేనన్నాడు, మాట నిలబెట్టుకున్నాడు. చుట్ట కాల్చుకుంటూ ఊరికే కూర్చునేవాడు. పిల్ల కూడా నవ్వుతోంది, ఆడుకుంటోంది. పోనీలే, రెండోదైనా బయటపడుతుంది అనుకున్నాను.

మళ్లీ ఆషాఢం వచ్చింది. ఒక మధ్యాహ్నం నీళ్ల కుండ దించుకుని గుమ్మంలోకి వచ్చాను. లోపల చిన్నమ్మాయి చంటిదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉంది. చంటిది నోట్లో వేలు పెట్టుకుని, కళ్లు ఇంతలు చేసుకుని వింటోంది.

"చిన్నతాత కేకేశాడు," అంటోంది నా కూతురు మెల్లగా, అచ్చం తాత గొంతుతో. "ఆ సాయంత్రమే తీసుకుపోయారు. అమ్మ కూడా కేకేసింది."

చంటిది వేలు తీసి అడిగింది, "అమ్మనీ?"

"ఊఁ. అమ్మ కోసం ఇంకా రాలేదు."