ద్రావణాల స్టేజిలో ఎస్తేరు

ఘనస్థితి చాప్టర్ పూర్తయ్యేసరికి గది మూడడుగులు పొడుగవుతుంది. భాగ్యరేఖ పేజీ మూలన టిక్కు పెట్టి, గోడ జరిగిన చోట నేల తడిగా ఉందేమోనని అరికాలితో తడుముతుంది. పొడిగానే ఉంది.

ఆ గది మార్కాపురంలో, పలకలు కోసే షెడ్డు మీద ఉంది. షెడ్డు దిల్షాద్ వాళ్ళ నాన్నది. కింద మిషను తిరిగినంతసేపూ సన్నటి రాతిపొడి మెట్లెక్కి వచ్చి పుస్తకాల మీద కూర్చుంటుంది. ఎల్లుండి ఇంటర్ రెండో సంవత్సరం కెమిస్ట్రీ పరీక్ష. దిల్షాద్, భాగ్యరేఖ, ఎస్తేరు ముగ్గురూ పొద్దున్నే వచ్చి, అంచు విరిగిన పలకల మీద సమీకరణాలు రాసుకుంటూ చదువుతున్నారు. ముగ్గురిదీ ఒకటే కాలేజీ, ఒకటే బెంచీ.

రెండు నెలల కిందట ఎస్తేరు వాళ్ళమ్మ మిరపకోతకి వెళ్ళి, ట్రాక్టరు మీంచి జారి కాలు విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ వంటా, నీళ్ళూ, తమ్ముళ్ళూ అన్నీ ఎస్తేరు మీదే పడ్డాయి. కాలేజీకి వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మిగతా ఇద్దరూ పరిగెత్తే చోట ఆమె నడుస్తుంది.

"మీరు పోతా ఉండండే. నేను వెనకమాల వస్తా," అంటుంది ఎస్తేరు, గుమ్మం పక్కన చాప మీద కూర్చుని.

"సరే, తొందరగా రా," అంటుంది భాగ్యరేఖ, పుస్తకంలోంచి తలెత్తకుండా.

ద్రావణాలు అయ్యేసరికి గది వీధంత పొడుగవుతుంది. భాగ్యరేఖా దిల్షాదూ కూర్చున్న బల్ల, కిటికీతో పాటు ముందుకు జరుగుతుంది. గుమ్మం, చాప, ఎస్తేరు ఎక్కడివాళ్ళక్కడే. విద్యుత్ రసాయనం అయ్యాక ఎస్తేరు చున్నీ రంగు మాత్రమే కనబడుతుంది. గతిశాస్త్రం అయ్యాక అదీ కనబడదు.

ఉపరితల రసాయనం సగంలో ఉండగా ఎస్తేరు గొంతు వస్తుంది.

"ఉప్పేస్తే నీళ్ళు లేటుగా ఎందుకు మరుగుతాయే?"

భాగ్యరేఖ జవాబు అరిచి చెప్తుంది. మాట నేలకి జానెడెత్తున పోతూ పోతూ చిన్నదవుతుంది. లోహ నిష్కర్షణ పూర్తయ్యేదాకా తిరుగు కబురు రాదు. వచ్చింది కూడా ఒక్క ముక్కే: "ఇనపడలా."

"మనం చదవటం ఆపితే గది ఆగుద్ది," అంటుంది దిల్షాద్, కొలిమి బొమ్మ గీస్తూనే. "ఆపుదామా?"

"ఆపితే ఎస్తేరు దగ్గరికొస్తదా?"

"రాదు. చదివింది వెనక్కి పోదు గదా. ఉన్నకాడ ఉంటాం, అంతే."

భాగ్యరేఖకి ఒంగోలులో బీఫార్మసీ చదవాలని ఉంది. కెమిస్ట్రీలో మార్కులు రాకపోతే ఆ మాట ఇంట్లో ఎత్తడానికి ఉండదు. ఇంకా సగానికి పైగా పుస్తకం ఉంది. ఆమె కాసేపు గోళ్ళ కింద చేరిన రాతిపొడి చూసుకుంటుంది. తర్వాత పుస్తకం మూసి లేచి నిలబడుతుంది.

"నేను పోయి దాన్ని తీసుకొస్తా."

"అంత దూరం పోయొచ్చేసరికి ఎల్లుండి దాటిపోద్ది."

"దాటితే దాటనీ."

దిల్షాద్ ఆమె ముఖంలోకి చూస్తుంది. తన నోట్సు లోంచి నాలుగు కాగితాలు చింపి చేతిలో పెడుతుంది. "మూలకాలయి. దారిలో చదువుకోండి. నేను రాలేనే. నేనూ వస్తే కిటికీ దగ్గర ఎవురుంటారు?"

అది నిజమేనని భాగ్యరేఖకి అనిపిస్తుంది.

నిమిషంలో పల్లెవెలుగు బస్సు గోడ వారగా వచ్చి ఆగుతుంది. కండక్టరు మెట్టు మీంచి వంగి, "ఎక్కడికమ్మాయ్?" అంటాడు.

"ద్రావణాల దగ్గరికి."

"ఎక్స్‌ప్రెస్సులు ఆడ ఆగవు. ఇది ఆగుద్ది. పాసుందా?"

ఆమె బస్ పాసు చూపిస్తుంది. దాని మీద తర్లుపాడు నుంచి మార్కాపురం అని రాసి ఉంది. కండక్టరు రెండు వైపులా చదివి, సరిపోతుందని తిరిగిచ్చేస్తాడు.

పక్కసీట్లో నలభై అయిదేళ్ళావిడ ఒళ్ళో పలక చట్రాల కట్ట పెట్టుకుని కూర్చుని ఉంది.

"నేను గతిశాస్త్రం కాడ దిగుతా పాపా," అంటుంది అడక్కుండానే. "ఆడే ఆపేశా చదువు."

"ఇప్పుడెళ్ళి ఏం చేస్తావు పెద్దమ్మా?"

"అప్పట్లో మేడం చర్యారేటంటే ఏందని అడిగింది. తెలీదని లేచి నిలబడ్డా. ఇంకా కూర్చోమనలా. మధ్యలో ఇంటికి పోయి పనులు చూసుకుని మళ్ళా వస్తంటా."

ఆవిడ స్టేజిలో దిగి, చట్రాల కట్ట కింద పెట్టి, చేతులు కట్టుకుని రోడ్డు పక్కన నిటారుగా నిలబడుతుంది. బస్సు కదిలిపోతుంది.

ద్రావణాల స్టేజిలో దిగేది భాగ్యరేఖ ఒక్కతే. చాప అక్కడే ఉంది. చాప చుట్టూ కరివేపాకు మొక్కలు నడుమెత్తు పెరిగాయి. మూడు రాళ్ళ పొయ్యి మీద కుండ పెట్టి, ఎస్తేరు అందులోకి చూస్తూ కూర్చుని ఉంది.

"ఎన్ని రోజులైందే?" అంటుంది భాగ్యరేఖ.

"నువ్వు తొందరగా రా అన్నకాడ్నుంచి పంతొమ్మిది రోజులు. ఇంక పరీక్ష రాయనులే అనుకున్నా. హాల్ టికెట్ మొక్కల్లో యాడో ఉంది."

భాగ్యరేఖ బస్సులో చాలా మాటలు వరసగా పేర్చుకుంది. ఇప్పుడు చూసుకుంటే ఒక్కటే మిగిలింది.

"ఆరోజు నేను తలెత్తి నీ వైపు చూడాల్సింది."

"చూడాల్సిందే," అంటుంది ఎస్తేరు. ఆ గొంతులో కోపం లేదు, క్షమించిన జాడా లేదు. పక్కకి జరిగి చాప మీద చోటిస్తుంది. "ఉప్పు సంగతి చెప్పు ముందు."

భాగ్యరేఖ కూర్చుని చెప్తుంది. "నీళ్ళు ఆవిరయ్యేది పైపొరలోంచే గదా. ఉప్పేశాక ఆ పైపొరలో కొంత చోటు ఉప్పుది. అందుకని పైకి లేచేవి తగ్గుతాయి."

"అంటే ఉప్పు వాటిని పట్టుకుని ఆపుద్దా?"

"పట్టుకోదు. దారిలో కూర్చుంటది."

ఎస్తేరు పొయ్యిలో పుల్ల ఎగదోస్తుంది.

"మా అమ్మ కాలు మాదిరి," అంటుంది. "దాని తప్పేం లేదు. దారిలో ఉంది."

"ఊఁ. ఇంకొంచెం వేడి కావాలి, అంతే."

"అంతేనా?"

"అంతే."

కుండలో నీళ్ళు మరగటం మొదలవుతుంది. ఎస్తేరు పొయ్యి ఆర్పి, హాల్ టికెట్ వెతికి చున్నీ చెంగున ముడేసుకుంటుంది. చాప చుట్టి చంకలో పెట్టుకుంటుంది.

కిటికీ వైపు పోయే బస్సులు లేవు. ఇద్దరూ పైకి చదువుకుంటూ నడుస్తారు. విద్యుత్ రసాయనం ఎస్తేరుకి ఒకపట్టాన ఎక్కదు. ఒకే వంతెన మూడుసార్లు దాటాల్సి వస్తుంది. గతిశాస్త్రం స్టేజిలో ఆ పెద్దమ్మ అలాగే నిలబడి ఉంది. ఎస్తేరు ఆవిడ పక్కన ఆగి, చర్యారేటంటే ఏమిటో అప్పుడే నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్తుంది. ఆవిడ పెదవులు కదుపుతూ రెండుసార్లు అనుకుని, ఇంక కూర్చోవచ్చా అన్నట్టు చూస్తుంది.

"కూర్చో పెద్దమ్మా," అంటుంది ఎస్తేరు.

ఆవిడ కూర్చుంటుంది. మోకాళ్ళు నొక్కుకుంటూ నవ్వుతుంది.

ఉపరితల రసాయనం దాటుతుండగా బెల్లు మోగుతుంది. నేత చీర కట్టుకున్న ఇన్విజిలేటర్ మేడం ఎదురొచ్చి, "ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి, ఇదే హాలు," అంటుంది.

"మేడం, ఇంకా సగం పుస్తకం ఉంది," అంటుంది భాగ్యరేఖ.

"ఉంటుందమ్మా. అందరికీ ఉంటుంది."

పేపర్లు ఇస్తారు. రెండో ప్రశ్న ద్రావణాల్లోంచి వచ్చింది. ఎస్తేరు రాయటం మొదలుపెట్టి ఆపదు. కుండా ఉప్పూ కరివేపాకు మొక్కలూ అన్నీ రాస్తుంది. ఇచ్చిన కాగితాలు అయిపోయి, లేచి అడిషనల్ అడుగుతుంది.

మేడం సంచి దులిపి చూస్తుంది. కాగితాలు లేవు. రెండు వేళ్ళతో భాగ్యరేఖ ముంజేతిని పట్టుకుని మందం చూస్తుంది.

"ఈ అమ్మాయి నీతో వచ్చిందేనా?"

"నాకోసం వచ్చింది మేడం."

"అయితే రాసుకో. మార్జిన్ వదులు."

ఎస్తేరు ఆమె ముంజేతి మీంచి భుజం దాకా రాస్తుంది. ఇంకు చల్లగా ఉంది. తప్పు రాసినచోట కొట్టేస్తే చక్కిలిగింత పెడుతుంది. భాగ్యరేఖ కదలకుండా, చదవకుండా కూర్చుంటుంది. జీవితంలో మొదటిసారి ఆమెకి ఏ జవాబూ గుర్తు చేసుకోవాలని లేదు.

చివరి బెల్లు కొట్టాక మేడం దారం ఉండ తీస్తుంది. భాగ్యరేఖ ఎడమ చెవి పోగు తీసి, ఆ బెజ్జంలోంచి దారం దూర్చి, ఎస్తేరు చెవిలోంచి లాగి ముడేస్తుంది. "వాల్యుయేషన్‌లో విడిపోకూడదు," అంటుంది. "మీ మూడోది కిటికీ దగ్గరుందట. అందుకే దారం పొడుగ్గా వదిలా." చాలా దూరం నుంచి ఎవరో ఆ దారాన్ని రెండుసార్లు లాగి, వదులుతారు.

అప్పుడు మేడం ఇద్దర్నీ మార్జిన్ వెంట మెల్లగా మడిచి, కట్ట మీద పెట్టి, గుడ్డ చుట్టి, లక్క వేస్తుంది. మడత నొప్పిగా లేదు. లోపల కాస్త చీకటి, గంజి వాసన. అక్షరాలు ఇంకా ఆరలేదు. పక్క కట్టలో ఎవరో పిల్ల గొంతు తగ్గించి, పేపర్లో రాని ప్రశ్నకి జవాబు వల్లె వేస్తోంది. వాళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు.