దాలమ్మ ఇక్కడ లేదు

క్లాసుకి టైమైపోయిందని విశాలి గబగబా నడుస్తుంటే, హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ జగన్నాధం చెయ్యెత్తి ఆపాడు.

“పాపా, దాలమ్మ అనే పిల్ల మీ హాస్టల్లో ఉన్నాదా? ఈ బాబు కూతురి కోసరం గజపతినగరం అవతల నుంచొచ్చినాడు. వచ్చిన పిల్లనల్లా అడగతన్నాను. ఎవులికీ తెల్దు.”

గేటు బయట మోకాళ్ళదాకా పంచె కట్టిన మనిషి, చంకలో గుడ్డసంచితో నిలబడి ఉన్నాడు. విశాలి అతన్ని సరిగ్గా చూడను కూడా లేదు.

“ఆ పేరుగల అమ్మాయి ఇక్కడ లేదండీ. కొత్త పిల్లలందరూ నాకు తెలుసు. వేరే కాలేజీ అయ్యుంటుంది, కనుక్కోమనండి.”

“ఇంకేటి! మెంటారమ్మే సెప్పేసినాది కదా” అన్నాడు జగన్నాధం.

విశాలిది ఫైనలియర్. కొత్తగా చేరిన పిల్లలకి దిగులు లేకుండా చూసుకోవడానికి యూనివర్సిటీవాళ్ళు ఒక్కో సీనియర్‌ని మెంటార్‌గా పెట్టి అయిదుగురిని అప్పగించారు. మెస్సులో ఏ పూట ఏముంటుందో దగ్గర్నుంచి ఏ మేడమ్‌కి ఏది గిట్టదో వరకూ విశాలి చెప్పేది. ఆమె పిల్లల్లో ఇప్పటివరకూ ఎవరూ బెంగపెట్టుకుని ఇంటికి పారిపోలేదు. ఆ సంగతి శ్రీకూర్మంలో ఉన్న తండ్రికి ఫోన్లో రెండుసార్లు చెప్పుకుంది కూడా.

సాయంత్రం మీటింగుందని చెప్పడానికి మధ్యాహ్నం తన క్లాసులయ్యాక ఫస్టియర్ క్లాసు దగ్గర ఆగింది. లోపల హాజరు పిలుస్తున్నారు. విశాలి తలుపుకి ఆనుకుని నిలబడింది.

“దాలమ్మ.”

“ప్రెజెంట్ మేడమ్.”

కిటికీ పక్క బెంచీలోంచి లేచి నిలబడింది డాలీ, తనకప్పగించిన అయిదుగురిలో ఒకమ్మాయి.

గేటు దగ్గర తను అన్న మాట విశాలికి గుర్తొచ్చింది.

చేరిన మొదటిరోజు పరిచయాల్లో ఆ పిల్ల తన పేరు చెప్పగానే వెనక వరసల్లో కిసుక్కుమన్నారు. గదికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. “డాలీ అని చెప్పు, ఎవరూ నవ్వరు” అని సలహా ఇచ్చింది విశాలే. గది తలుపు మీద ఆ పేరు రంగు పెన్నుతో రాసింది కూడా విశాలే. ఉపాయం ఎంత బాగా పారిందంటే, కొన్నాళ్ళకి అసలు పేరు విశాలికే గుర్తులేకుండా పోయింది.

“మేడమ్, ఈ అమ్మాయిని ఒక్కసారి పంపండి” అని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. “మీ నాన్న వచ్చారు. నువ్విక్కడ లేవని చెప్పేశాను.”

“ఏటక్కా?”

“పద” అంది విశాలి. ఇద్దరూ పరిగెత్తారు.

దాలమ్మ తండ్రి ఎల్లాజీ గేటు పక్కన నేలమీద కూలబడి ఉన్నాడు. సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు దొర్లిపోయాయి. జగన్నాధం నీళ్ళు తాగిస్తున్నాడు. కూతుర్ని చూసి ఎల్లాజీ లేవలేదు, నవ్వలేదు. దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

“నాన్నా!”

“ఏటే, ఎక్కడికెల్లిపోనావే? పోను సేస్తే ఆపేసున్నాది. ఇక్కడ అడిగితే నువ్వు నేవన్నారు. ఇంటికి సెప్పేసినానే! మన గుంట కానరాట్లేదని మీ అమ్మకి సెప్పేసినాను. ఊరంతా మనింటికాడే ఉన్నారంట. ఎవుడితోటి ఎల్లిపోనాదోనని మీ పెదనాన్న అప్పుడే అనేసినాడంట.”

పిల్ల దొరికింది. కానీ ఊళ్ళో పుట్టిన ఆ మాట సంగతేమిటి అనుకుంది విశాలి.

“క్లాసులో ఉన్నాను నాన్నా. అక్కడ పోన్లు ఆపేయాల. ఇక్కడ నన్ను డాలీ అంతారు. నానే ఆ పేరెట్టుకున్నాను” అంది దాలమ్మ, విశాలి వైపు చూడకుండా.

ఎల్లాజీ మొహం ఇంకా మాడిపోయింది. “నీ ముందు ఇద్దరు పిల్లలు పోతే మీ నానమ్మ దాలమ్మ తల్లికాడ మొక్కుకుని ఎట్టిన పేరే అది. సిగ్గొచ్చినాదా నీకు? పుస్తకాలు సద్దుకో. పద.”

“తను కాదండీ” అంది విశాలి. “ఆ పేరు పెట్టింది నేను. పొద్దున్న మీకు లేదని చెప్పింది కూడా నేనే.”

ఎల్లాజీ ఆమె వంకా, మెడలో వేలాడుతున్న మెంటార్ కార్డు వంకా చూశాడు. ఫోను కలిపి చేతికిచ్చాడు.

“మా ఇంటిదానికి సెప్పు. నాతో అన్నదే సెప్పు.”

అవతల ఏడుపులు, కేకలు. వాటి మధ్య దాలమ్మ తల్లి లక్ష్మణమ్మ గొంతు. విశాలి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఏడుపులు ఆగిపోయాయి.

“దాన్ని మాటాడించు.”

దాలమ్మ “అమ్మా” అనగానే అవతల బావురుమంది. కాసేపటికి ఫోను మళ్ళీ విశాలి చేతికొచ్చింది.

“సూడమ్మా, సదువుకున్నదానివి. నువ్వు ఒక్కమాటన్నావు. ఇక్కడ అది వంద మాటలైపోనాది. పోన్లో దొరికినాదంటే ఎవులు నమ్ముతారు? పిల్లని ఊరు కళ్ళతో సూడాల. పట్టపగలు ఈదిలో నడిచి రావాల. నువ్వూ రా. దాని పక్కన నిలబడి సెప్పు.”

“వస్తానండీ.”

“పుస్తకాలు సద్దమన్నాడా మా ఆయన?”

“అన్నారు.”

“వద్దని సెప్పు. నడిచి సూపించినాక ఎల్లుండి తిరిగెల్లిపోతాది.”

ఆ మాట చెప్తే ఎల్లాజీ దొర్లిన కాయలు సంచిలోకి ఏరుకోసాగాడు. దాలమ్మ గదిలోకెళ్ళి, ఒక్క జత బట్టలు కవరులో పెట్టుకుని దిగి వచ్చింది.

బస్సులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. తనని రానిస్తున్నాడో లేదో విశాలికి తెలియలేదు. మెడలో కార్డు తీసి బ్యాగులో వేసుకుంది. పక్కన దాలమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్పాలో పెదాలతో వల్లె వేసుకుంటోంది.

కండక్టరు వచ్చాడు.

“గజపతినగరం” అన్నాడు ఎల్లాజీ. కాస్త ఆగి అన్నాడు, “మూడియ్యి.”