పిట్టకు పెట్టిన రోజు

పోయినవాళ్ళకి కోరిక మిగిలితే వాళ్ళ పేరున పెట్టిన అన్నం కాకి ముట్టదని పండు వాళ్ళ ఊళ్ళో అందరూ నమ్ముతారు. పండు కూడా నమ్ముతాడు, టొరంటోలో డేటా అనలిటిక్స్ చదువుతున్నా సరే. వాళ్ళన్న శంకర్ జగిత్యాల దగ్గర బండి మీంచి పడి చనిపోయాడు. స్టడీ పర్మిట్ ఎక్స్‌టెన్షన్ తేలక పండు వెళ్ళలేకపోయాడు. మూడోనాడు ఊళ్ళో పిట్టకు పెడితే, అంటే కాకికి అన్నం పెడితే, ఒక్క కాకీ దగ్గరికి రాలేదట. "తమ్ముని చెయ్యి కోసం చూస్తున్నడు బిడ్డా" అని తల్లి ఒకటే ఏడుపు. సరేనని పండు స్కార్‌బరోలో అపార్ట్‌మెంట్ వెనక పెట్టాడు. సీగల్స్ అనే నీటిపక్షులు దిగి కోడి ముక్కలతో సహా ఊడ్చుకుపోయాయి. సీగల్ ముడితే లెక్కలోకి వస్తుందో రాదో చెప్పే పెద్దమనిషి ఆ బిల్డింగులో ఎక్కడ దొరుకుతాడు?

చివరికి క్లాస్‌మేట్ నిఖిలని బతిమాలుకున్నాడు. "నువ్వు పనిచేసేకాడ కాకులున్నయన్నవ్ గదా. ఒక్కసారి తీస్కపో."

నిఖిలది కాకినాడ. ఏజాక్స్ ఊరు దాటి చాలా దూరాన ఉన్న పీట్ బాగ్ రిజర్వులో ఆమెకి వీకెండ్ పని. వేల ఏళ్ళుగా నాచు కుళ్ళకుండా పేరుకుపోయిన తడినేల అది. కాలు పెడితే దిగబడుతుంది కాబట్టి చెక్కబాట వేశారు. చలి తగ్గగానే పక్షుల్ని చూడ్డానికి జనం ఎగబడతారు. ఈసారి బాటకి ఎదురుగానే క్రేన్ పక్షుల జంట గూడు పెట్టింది. బూడిద రంగు పెద్ద కొంగలు, నుదుటి మీద ఎర్రటి మచ్చ. గూట్లో రెండు గుడ్లు. జనం దగ్గరికి పోకుండా వాటిని కనిపెట్టుకుని ఉండటమే నిఖిల ఉద్యోగం. ఇవాళో రేపో పిల్లలవుతాయి. ఆ గుడ్ల మీద పెట్టుకున్న ప్రాణం ఆమె తన పరీక్షల మీద కూడా పెట్టుకోలేదు.

సూపర్‌వైజర్ జెస్లిన్ మొదటిరోజే గట్టిగా చెప్పింది, బాట మీదికి తిండి రానివ్వకూడదని. తిండికని వచ్చిన కాకులు గూళ్ళ మీద పడతాయి. నిఖిలకి అంతా తెలుసు. తెలిసే సరేనంది. ఎదురుగా ఒకడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే రూల్సు చదివి వినిపించేంత రాతిగుండె ఆమెకి లేదు మరి.

ఆదివారం జనం రాకముందే ఇద్దరూ వెళ్ళారు. గూటికి దూరంగా, బాట మొదట్లోనే పెట్టిద్దామని నిఖిల ఆలోచన. కాకులేమో గూటి పక్కన ఎండుచెట్టు మీద తీరిగ్గా కూర్చున్నాయి. పండు పేపర్ ప్లేటు పట్టుకుని నేరుగా అక్కడికే నడిచాడు. అప్పుడైనా ఆపాల్సింది. ఆపలేకపోయింది.

బగారన్నం, కోడికూర, మూతలో కాస్త బీరు. అన్నీ శంకర్‌కి ఇష్టమైనవే. పండు తల్లికి వీడియో కాల్ చేసి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. ఒక కాకి దిగింది. తల వంచి చూసింది. ముట్టింది.

"అమ్మా, ముట్టిండే! అన్న ముట్టిండు!"

ఫోన్లో తల్లి బావురుమంది. కాసేపటికి తేరుకుని, "ఫోను ఆ పిల్లకియ్యి" అంది. "నీ కడుపు సల్లగుండ బిడ్డా. నా కొడుకు ఆకలి తీర్సినవ్."

నిఖిల జవాబు చెప్పేలోపే ఇంకో నాలుగు కాకులు వాలాయి. ఒకటి గూటి దగ్గరికి పోయి క్రేన్ తోక లాగింది. క్రేన్ లేచి దాన్ని తరిమింది. ఆ సందులో మరొకటి గుడ్డు తన్నుకుపోయింది. క్రేన్ గొంతు చించుకుని అరిచింది.

"ఏంది బిడ్డా ఆ మొత్తుకునుడు?"

"కొంగ, అమ్మా. దాని గుడ్డు కాకి ఎత్తుకుపోయింది. ఈ అన్నం కోసం వచ్చిన కాకే. నా వల్లే."

తల్లి అడిగింది, "ఇంకోటి ఉన్నదా?"

"ఉంది."

ఇంకా కాకులు దిగుతున్నాయి. నిఖిల ప్లేటు తీయబోయింది. పండు చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యకు. అన్న సగమే తిన్నడు. నడుమల తీస్తే మల్ల అలుగుతడు."

"పండూ" అంది తల్లి ఫోన్లోంచి. "తియ్యనియ్యి బిడ్డా. నాకు నువ్వన్నా ఉన్నవ్. దానికీ ఒక్కటన్నా ఉండనియ్యి."

పండు నిఖిల చెయ్యి వదిలేశాడు. తనే మోకాళ్ళ మీద కూర్చుని, కాకుల్ని అదిలిస్తూ, చెక్కల సందుల్లో పడ్డ అన్న మెతుకుల్ని ఒక్కటొక్కటే ఏరడం మొదలుపెట్టాడు.