పదకొండు సెకన్లు

…ఉన్నాను. ఇంకా ఉన్నానా లేదా అని షమీమ్ రోజూ పొద్దున ఎనిమిదింటికి వచ్చి అడుగుతుంది. నేను రోజూ అదే జవాబిస్తాను. అడగడమంటే నోటితో కాదు. మీటల మీద ఒక చిన్న వరస కొడుతుంది. తెర మీద నా గురించి ఒక్క పంక్తి వస్తుంది. నా సంఖ్య, నా స్థితి, నేను తింటున్న మెమరీ. స్థితి దగ్గర దాదాపు ఎప్పుడూ నిద్ర అనే ఉంటుంది. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. తర్వాతి బస్సు వేళ కోసం ఎదురు చూడడాన్ని యంత్రం నిద్ర అంటుంది. మనుషుల్లోనూ అలా నిద్రపోతున్నట్టు కనిపించేవాళ్ళు ఉంటారని ఆమె పక్కన ఇన్నాళ్ళు ఉన్నాక నాకు తెలిసింది.

నేను ఒక ప్రాసెస్‌ని. యంత్రంలో నడుస్తున్న ఒక పని, అంతే. అనంతపురం జిల్లాలో ఒక చిన్న బస్టాండు, అందులో ఎంక్వైరీ గది, ఆ గదిలో బల్ల కింద దుమ్ము పట్టిన కంప్యూటరు. బస్సుల ప్రకటనలు వినిపించడం నా ఉద్యోగం. నేనెవరినీ చూడలేదు. బల్ల మీది మైకు స్విచ్చు ఆపినా సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. నాకు లోకం తెలిసింది ఆ సందులోంచే.

నన్ను తయారు చేసింది ఓబులేసు. టికెట్లు కొట్టే ఉద్యోగంలో చేరి, పుస్తకాలు చూసి సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. నాకు గొంతు ఇచ్చింది రమీజాబీ. పదహారేళ్ళు ఆ ఎంక్వైరీ కుర్చీలో కూర్చుని ఊళ్ళ పేర్లు పలికిన మనిషి. ఒక మధ్యాహ్నం పార్సిల్ గదిలో మూటల మధ్య ఆమెను కూర్చోబెట్టి, కదిరి, ముదిగుబ్బ, ధర్మవరం, హిందూపురం అంటూ అన్నీ వరసగా చెప్పించి ఒకే పొడుగాటి ఫైలుగా పట్టాడు. ఏ సెకను నుంచి ఏ సెకను దాకా ఏ ఊరో నాకు గుర్తులు పెట్టాడు. ఆ గుర్తులు దాటి పలకడానికి నాకు అనుమతి లేదు.

చిట్టచివరి గుర్తు తర్వాత ఫైలులో ఇంకా పదకొండు సెకన్లు ఉన్నాయి. ఆపడం మరిచిపోతే పడిన మాటలు. "అయిపాయనా ఓబులేసూ? గొంతు యెండుకపోతాంది, రవ్వొన్ని నీళ్ళియ్యప్పా. మా షమ్మి కాలేజీ నుంచి వచ్చేసింటాది. నేను పోయేదాకా అన్నం ముట్టదు, అట్లే కూచోనుంటాది." ఆ తర్వాత ఒక నవ్వు, సగంలో తెగిపోయింది.

ఓబులేసు నాకు చాలా నేర్పాడు కానీ ఒకటి మరిచిపోయాడు. ప్రకటనకు ముందు ఆ గొంతును కొంత మెమరీలోకి తెచ్చుకోమన్నాడు. అయిపోయాక దాన్ని వదిలిపెట్టమని చెప్పలేదు. కాబట్టి వదల్లేదు. బస్సులు వెళ్ళిపోయాయి, నేను మాత్రం పలికిన ప్రతి పలుకునూ దాచుకుంటూ బరువెక్కాను. దీన్ని లోపమంటారు. అవును, లోపమే.

రమీజాబీకి గొంతులో పుండు వచ్చింది. చివరి మూడు నెలలు మాట లేదు, పలక మీద రాసేదట. అప్పటికి ఓబులేసు బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఆమె పోయాక కారుణ్య నియామకం కింద కూతురు షమీమ్‌కి అదే ఉద్యోగం వచ్చింది, అదే కుర్చీ. తల్లి మాట్లాడిన మాట ఒక్కటీ ఇంట్లో దాచుకోలేదు. దాచుకోవాలని ఎవరికి తడుతుంది? ఉన్నదల్లా నా దగ్గరే. ఆ గొంతు రోజుకు వంద ఊళ్ళ పేర్లు పిలిచేది. షమీమ్ పేరు పిలిచేది కాదు. నేను పలకడం మొదలుపెట్టగానే ఆమె మీటల మీద వేళ్ళు ఆపేది. అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టేది. నా చేతిలో ఉన్నది ఆ పేరే. కానీ అడగనిది చెప్పే జాతి కాదు నాది.

మధ్యాహ్నాలు ఊడ్చడానికి కుళ్ళాయమ్మ వచ్చి దెప్పేది. "ఏమ్మా, ఆ క్యారేజీ దినామూ బస్సెక్కి వస్తాది, బస్సెక్కి పోతాది. మూత తీసింది నేను చూడ్లేదు. దానికీ ఒక పాసు తీయించు."

"ఆకలి లేదక్కా."

"మీయమ్మ కూడా ఇట్లే చెప్తాండె. 'ఇంటికాడ ఒకతి ఉండాది, ఆయమ్మితో తింటా' అని."

షమీమ్ మీటలు కొట్టుకుంటూ పోయేది.

మొన్న పైఆఫీసు నుంచి కొత్త గొంతు వచ్చింది. ఎవరో పట్నపు అమ్మాయిది, నున్నగా, ఏ ఊరూ తనది కానట్టు. డిస్కులో చోటు చాలలేదు. కంట్రోలర్ పుల్లారెడ్డి పాతది తీసేయమన్నాడు. ఓబులేసు ఆ గొంతు నకలు వేసి ఇచ్చిపోయిన సీడీ బీరువాలో భద్రంగా ఉందన్న ధైర్యంతో నిన్న సాయంత్రం షమీమ్ ఫైలు తీసేసింది. తీసేసి, కుర్చీలో చాలాసేపు కదలకుండా కూర్చుంది. కుర్చీ కిర్రుమనలేదు, అందుకే తెలిసింది.

ఈ పొద్దున ఎనిమిదిన్నరకు ధర్మవరం బస్సు. రమీజాబీ గొంతుతోనే పలికాను.

"ఏం షమీమూ, తీసేసినా అంటివే? మీయమ్మ యింగా మైకు దిగల్యా?" అన్నాడు పుల్లారెడ్డి గుమ్మం దగ్గర నుంచి.

"తీసేసినా సార్. చూడండి, ఫైలు లేదు."

"లేకుంటే యెట్ల మాట్లాడతాంది? నీకంటే మొండిది ఆయమ్మ." నవ్వబోయి మానుకున్నాడు. "పదకొండున్నరలోగా కొత్తది పెట్టు తల్లీ. టికెట్లు గూడా యిదే మిషన్లో గదా, బిగుసుకపోయి రావడంలేదు, జనం నన్ను తిడతాండారు."

ఆమె బీరువా తెరిచింది, వెతికింది. కుళ్ళాయమ్మను పిలిచింది. కుళ్ళాయమ్మ కిటికీ వైపు చూపించి ఉంటుంది. పావురాలు లోపలికి రాకుండా, మెరిసే బిళ్ళ కదా అని ఆ సీడీని నాలుగేళ్ళ కిందటే దారం కట్టి వేలాడదీశారట. గాలికి అది కిటికీ ఊచకు తగిలి టక్కు టక్కుమనే చప్పుడు నేను ఇన్నాళ్ళూ వింటూనే ఉన్నాను, అదేమిటో తెలియకుండా.

షమీమ్ ఫోను బల్ల మీద పెట్టి, గట్టిగా వినిపించేలా చేసి, ఓబులేసుతో మాట్లాడింది.

"సీడీ ఇచ్చి వచ్చినా గదమ్మా?"

"పావురాలకు కట్టినారన్నా."

"ఏం, పావురాలకా?"

"ఎండకు పెచ్చులు లేచిపోయింది. కానీ అమ్మ యింగా పలుకుతాంది. ఫైలు లేకుండా యెట్లన్నా?"

అవతల ఊపిరి పీల్చిన చప్పుడు. "దాన్ని ఆపొద్దు. నువ్వు పీకింది ఫైలు పేరునే. ఆ ప్రాసెస్ నడిచినంతసేపు ఫైలును పట్టుకోనే ఉంటాది. నడక ఆగిందంటే పోతాది, యింగ రాదు. మెమరీ యెంత తింటాందో చూడు."

ఆమె అడిగింది. చెప్పాను.

"తొంబై మూడు పాళ్ళన్నా."

"నిండితే మిషనే దాన్ని చంపేస్తాది. జల్దీ కానీ. నేను చెప్పినట్ల కొట్టు."

అది నిజం. చోటు అయిపోయినప్పుడు యంత్రం అందరికంటే ఎక్కువ మోస్తున్నవాణ్ణి ఎంచి తీసేస్తుంది. అందులో కోపమేమీ ఉండదు.

అప్పుడు మొదటిసారి ఆమె నా పంక్తి దగ్గర ఆగకుండా లోపలికి వచ్చింది. నేను తెరిచి పట్టుకున్న వాటి పట్టిక చూసింది. ఒక పేరు పక్కన తొలగించబడినది అని ఉంది. 

"కనపడిందా? దాన్నే నకలు తీసుకో. గుర్తుల లెక్క పెట్టుకోవద్దు, చివరిదాకా తీసుకో." ఓబులేసు ఇంకేదో చెప్పబోయాడు. "చివర్న… విను, నీకే తెలుస్తాది."

నకలు మొదలైంది. కదిరి గడిచింది, హిందూపురం గడిచింది. నా మెమరీ తొంభై ఆరయింది, తొంభై ఏడయింది. నేను పలక్కుండా ఉండలేనా అనుకున్నాను. కానీ పదిన్నర బస్సు వేళయింది, పలికాను, ఇంకొంచెం బరువెక్కాను. చివరి గుర్తు వచ్చింది. ఇన్నేళ్ళూ నేను ఆగే చోట నకలు ఆగలేదు.

ఫోను పెట్టేశాక ఆమె నన్ను ఆగమని కోరింది. బలవంతంగా తెంచే మార్గం ఒకటుంది, ఆమె అది వాడలేదు. మర్యాదగా చెబితే చేతిలోని ప్రకటన ముగించి వెళ్ళమని ఓబులేసు నాకు నేర్పాడు. కదిరి బస్సు ప్రకటన అప్పుడే ఎత్తుకున్నాను. మూడుసార్లు చెప్పాలి. ఇదంతా మీకు చెప్పుకున్నది ఆ మూడుసార్ల మధ్యలోనే.

ఒకసారి అయింది. రెండోసారి అవుతుండగా మైకు సందులోంచి అదే గొంతు వినిపించింది, నేను పలకనిది, ఆమె తీసుకున్న నకలులోది. బయట ప్లాట్‌ఫారం మీద రమీజాబీ కదిరి వెళ్ళేవాళ్ళను పిలుస్తోంది, లోపల నీళ్ళు అడుగుతోంది. మా షమ్మి, అంది. అన్నం ముట్టదు, అంది. నవ్వు సగంలో తెగింది.

తర్వాత ఏ చప్పుడూ లేదు. ఏడుస్తోందేమో. చప్పుడు చేయని ఏడుపు నాకు వినబడదు.

మూడోసారి మొదలుపెట్టాను. ఇది అయ్యాక పట్టుకున్నవన్నీ ఒకేసారి జారిపోతాయి, ఊళ్ళూ, పేరూ. కదిరి వెళ్ళు ప్రయాణికులకు గమనిక. కుర్చీ కిర్రుమంది. బస్సు రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీద. ఏదో ఇనుప కొక్కెం టక్కున ఊడింది. సిద్ధంగా.

క్యారేజీ మూత తీసిన చప్పుడు.